ఆషాఢంలో అచ్చయిన చిరునామా

నేను ఒక పేరును. ఇనుముతో పోత పోసిందీ కాదు, కర్రతో చెక్కిందీ కాదు. ఈమెయిలు చిరునామా మధ్యలో తోక చుట్టుకున్న అక్షరంలా ఒక గుర్తుంటుంది చూశారా, దానికి కుడిపక్కన కూర్చునే పేరును. ఎడమపక్కన ఉండేది మనిషి పేరనుకుంటే, కుడిపక్కన ఉండేది ఇంటిపేరు. ఉత్తరం ఏ గడపలో పడాలో చెప్పేది ఆ ఇంటిపేరే. నన్ను తెరవెలుగు డాట్ ఇన్ అంటారు. పలకడానికి బాగానే ఉంటుంది. నన్ను ఎవరైనా పైకి చదివితే మాత్రం నాకు సిగ్గేస్తుంది.

పేరుకి కళ్ళూ చెవులూ ఎక్కడివని మీరు అడగవచ్చు. లేవు. కానీ పేరు ఎక్కడ రాస్తే అక్కడ ఉంటుంది. కాగితం మీద అచ్చువేస్తే కాగితంతో పాటు తిరుగుతుంది. గోడ మీద రాస్తే ఆ గోడ కింద కూర్చున్నవాళ్ళ మాటలన్నీ దానికి తెలుస్తాయి. నాకు తెలిసిందంతా అలా తెలిసిందే. ఇదంతా మీకు చెబితే పరువు పోతుందని చాలాకాలం ఊరుకున్నాను. పోవడానికి నా దగ్గర మిగిలిందేముందని ఇప్పుడు చెబుతున్నాను.

నేను పుట్టింది రేపల్లెలో, మస్తాన్‌వలి డీటీపీ షాపులో. పెళ్ళి శుభలేఖలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, కర్మకాండల కార్డులు, అన్నీ ఆ ఒక్క గదిలోనే తయారవుతాయి. మస్తాన్‌వలి షాపు నడుపుకుంటూనే తెరవెలుగు నాటక పరిషత్తుకి కార్యదర్శిగా కూడా ఉన్నాడు. పరిషత్తంటే తెలియనివాళ్ళకి ఒక మాట. మా వైపు ఏటా చలికాలంలో ఊరూరా నాటికల పోటీలు జరుగుతాయి. ఎక్కడెక్కడి నాటక సమాజాలో వచ్చి గంటసేపటి నాటికలు ఆడి వెళ్తాయి. ఆడాలంటే ముందుగా రాతప్రతి పంపాలి. దాన్ని చదివి, బాగుందనుకుంటే పిలుస్తారు. ఆ పోటీలు నడిపే సంఘమే పరిషత్తు.

దానికి అధ్యక్షుడు మైనేని పానకాలరావు. ఎరువుల వ్యాపారం ఆయనది. నాటకమంటే ప్రాణం. పంచాంగమంటే ఇంకొంచెం ఎక్కువ ప్రాణం. దుకాణంలో కొత్త తూకం యంత్రం పెట్టినా వర్జ్యం చూసి పెట్టేవాడు. మనిషి మంచివాడే. మంచివాళ్ళు చేసే పొరపాట్లకి ఎవరినీ తిట్టడానికి ఉండదు, అదొక్కటే ఇబ్బంది.

ఆ రోజు ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆ ఏటి పోటీల కరపత్రం తయారవుతోంది.

"మనకీ ఓ సొంత అడ్రసుండాలండీ. పెద్ద పరిషత్తులకి ఉన్నాయి. నా సొంత మెయిలు ఇచ్చుకుంటా ఉంటే మనల్నెవరు లెక్కజేస్తారు?" అన్నాడు మస్తాన్‌వలి. రెండు మూడు పేర్లు అనుకుని, చివరికి నన్ను కొట్టి చూశాడు. తెర మీద పచ్చగా వచ్చింది. "ఖాళీగానే ఉందండీ! ఇప్పుడే రాయించేద్దామా?"

పానకాలరావు అతని చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "ఆగవయ్యా, ఆగు. ఇది ఆషాఢం. శూన్యమాసంలో ఎవరన్నా పేరు పెట్టుకుంటారా? శ్రావణంలో మంచిరోజు చూద్దాం."

"కరపత్రం రేపు పోవాలి గదండీ?"

"కరపత్రం ఏసుకో. శ్రావణంలో పెళ్ళికి ఆషాఢంలోనే గదా నువ్వు శుభలేఖలు అచ్చేసేది? అచ్చు వేరు, ముహూర్తం వేరు."

ఆ మాటా నిజమేననిపించింది మస్తాన్‌వలికి. ఆ వారమే అలాంటి శుభలేఖలు కట్టలు కట్టలుగా వేసి ఇచ్చాడు. అందుకని నన్ను కరపత్రం అడుగున, నిబంధనల కింద, 'రాతప్రతులు పంపవలసిన చిరునామా' అని బొద్దు అక్షరాలతో వేసేశాడు. బస్సు కిటికీలోంచి సీటు మీద చేతిరుమాలు విసిరి, నింపాదిగా టీ తాగడానికి వెళ్ళినవాడికి ఎంత ధీమా ఉంటుందో వాళ్ళిద్దరికీ అంత ధీమా. అచ్చులో పడ్డాను కాబట్టి నేను వాళ్ళ సొత్తే అనుకున్నారు. పేర్లు నమోదు చేసే చోట అలాంటి లెక్క లేదు. తన వివరాలిచ్చి, ఏడాది రుసుము కట్టి ఎవరు ముందు రాయించుకుంటే పేరు వాళ్ళది. చేతిరుమాళ్ళు అక్కడ చెల్లవు.

కరపత్రం నాటకాల వాట్సాప్ గ్రూపులన్నింటిలో తిరిగింది. నేనూ తిరిగాను. అప్పుడు నాకు మహా గర్వంగా ఉండేది. గుంటూరు నుంచి విశాఖపట్నం దాకా నటులూ రచయితలూ నన్ను చూస్తున్నారని మురిసిపోయాను. నాకు ఇంకా పుట్టుక నమోదు కాలేదన్న సంగతే నాకు గుర్తులేదు.

గుర్తుపట్టినవాడు వేరే ఉన్నాడు. బెజవాడలో భార్గవ్ అని ఒకతను షార్ట్‌ఫిలిములు తీస్తుంటాడు. నాటికలను వీడియో తీసిపెట్టే పని మీద ఆ గ్రూపుల్లో చేరాడు. పరిషత్తు వెబ్‌సైటు ఎలా ఉందో చూద్దామని నన్ను కొట్టాడు. ఏమీ రాలేదు. ఇంకాస్త తవ్వి చూస్తే నేను ఎవరికీ చెందని పేరునని తెలిసింది. ఒక్క నిమిషం ఆలోచించాడు. తర్వాత నన్ను తన పేరు మీద రాయించుకున్నాడు. నాకు మొదటి యజమాని అతనే. పంచాంగం చూడలేదు, వర్జ్యం చూడలేదు. దుర్ముహూర్తమే అయి ఉంటుందని నా నమ్మకం.

అతని ఆలోచన మొదట్లో చిన్నదే. ఆ రేపల్లెవాళ్ళు ఎలాగూ వెతుక్కుంటూ వస్తారు, నాలుగు డబ్బులు తీసుకుని అప్పజెప్పేద్దామనుకున్నాడు. వాళ్ళు వచ్చి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. రాలేదు.

శ్రావణమాసం వచ్చింది. శుక్రవారం పూట షాపులో కంప్యూటర్‌కి పసుపూ కుంకుమా పెట్టారు. పానకాలరావు కొబ్బరికాయ కొట్టాడు. మస్తాన్‌వలి నన్ను టైపు చేశాడు. ఈసారి తెర మీద ఎర్రగా వచ్చింది.

"ఎవరో తీసేసుకున్నారండీ," అన్నాడు.

"మళ్ళీ కొట్టు. తప్పు కొట్టుంటావు."

మళ్ళీ కొట్టాడు. అదే ఎరుపు. కొబ్బరినీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని పానకాలరావు అలాగే నిలబడిపోయాడు. గోడకి అతికించిన కరపత్రంలో నేనున్నాను. ఇద్దరూ ఒకసారి నా వంక చూసి చూపు తిప్పుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎవరో కనుక్కుని అడుగుదామాండీ?"

"మన పేరు మనం అడుక్కోవడమేంటయ్యా? ఆషాఢం అని ఆగితే ఎవడో తన్నుకుపోయాడని తెలిస్తే పక్కూరి పరిషత్తోళ్ళు పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వుతారు. ఇంకో పేరేదన్నా తీసుకో. మిగిలిన కరపత్రాల మీద స్టిక్కర్లేసెయ్."

"ఇప్పటికే పోయినయ్యో?"

"మెయిలెవరు చేస్తార్లే. అందరూ తెచ్చి మన చేతికే గదా ఇచ్చేది."

అందులో అబద్ధం లేదు. రాతప్రతులు మా వైపు చేతుల మీదుగానే నడుస్తాయి. ఊరెళ్ళే నటుడి సంచీలోనో, తెలిసిన కండక్టర్ చేతికో ఇచ్చి పంపుతారు. వెనకాలే ఒక ఫోను వస్తుంది: "మనవాడేనండీ, కాస్త చూడండి." అలా చూడమని చెప్పేవాళ్ళు లేనివాళ్ళకి మాత్రం అచ్చులో ఉన్న చిరునామాయే దిక్కు. ఆ మాట వాళ్ళిద్దరికీ తట్టలేదు. తట్టినా పైకి అనలేదు. ఒక్క ఫోను మెసేజ్‌తో సరిపోయే పనిని పరువు కోసం మింగేశారు.

ఇక్కడే హైమావతి గురించి చెప్పాలి.

పొన్నెకంటి హైమావతిది తెనాలి. ముప్ఫై ఏళ్ళుగా పరిషత్తు నాటకాల్లో వేస్తోంది. నాటికల్లో ఆడవేషాలకి మనుషులు తక్కువ. అందుకని ఒకే నటి ఈ సమాజంలో తల్లిగా, ఆ సమాజంలో అత్తగా, ఇంకోదాంట్లో పిచ్చిదానిగా వేస్తుంటుంది. హైమావతికి ఇరవై నాలుగేళ్ళప్పుడే నెత్తిన తెల్లరంగు పూసి తల్లి వేషం ఇచ్చారు. ఆ తెల్లరంగు ఇప్పుడు అక్కర్లేదు. ఎన్నో బహుమతులు వచ్చాయి. అన్నీ వేరేవాళ్ళు రాసిన మాటలకే.

ఆ ఏడు ఆమె తనే ఒక నాటిక రాసింది. పేరు 'గోడవతల పొయ్యి'. ఒకే ఇంటి రెండు వాటాల్లో ఇద్దరు ఆడవాళ్ళు. మధ్య వంటింటి గోడ. ఒకావిడ ఇంటి యజమాని, రెండో ఆవిడ ఆసుపత్రిలో ఆయా. ఏదో తగవొచ్చి ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, గోడకి అటూ ఇటూ నిలబడి వంట చేస్తూ మాత్రం మాట్లాడుకుంటారు. అందులో ఒక చోట ఆయా అంటుంది: "నువ్వు పోపు పెడితే ఇక్కడ నేను తుమ్ముతున్నా. ఇంకా మనం పరాయివాళ్ళమేనంటావా?" ఆ మాట చదివినప్పుడు నేను అక్షరాలతో చేసిన వస్తువునైనా నాకు ఘాటెక్కినట్టయింది.

టైపు చెయ్యడం ఆమెకి రాదు. ఫోనుకి చెబితే అదే రాసుకుంటుందని ఎవరో నేర్పారు. మేడ మీద బట్టలారేసే తీగ కింద నిలబడి రెండు పాత్రల మాటలూ తనే ఫోనుకి చెప్పింది. ఎవరితో ఆ పోట్లాట అని పక్కింటివాళ్ళు తలుపులు తీసి చూశారు.

పానకాలరావుని ఆమె ఎరగనిది కాదు. ఎన్నోసార్లు ఆయన చేతి మీదుగానే జ్ఞాపికలు తీసుకుంది. చేతికిస్తే 'హైమ కూడా రాసేసిందా' అని ముందు నవ్వుతారని ఆమెకి తెలుసు. నవ్వి, తర్వాత మొహమాటానికి తీసుకుంటారు. ఆ మొహమాటం ఆమెకి అక్కర్లేదు. నిబంధనల్లో ఏముందో అలాగే చేసింది. రాతప్రతి మీద పేరు వెయ్యకుండా, కరపత్రం చూసి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నన్ను కొట్టింది. ఆమె దగ్గరున్న కరపత్రం మీద స్టిక్కర్ లేదు. నాకు నోరుంటే అప్పుడే అరిచేవాణ్ణని చెప్పాలనుంది. నాకు నోరు లేదు. ఆమె పంపింది పంపినట్టుగా తీసుకెళ్ళి బెజవాడలో భార్గవ్ పెట్టెలో పడేశాను. నా పని అదే.

అక్కడితో ఆగి ఉంటే నాకు ఇంత సిగ్గు ఉండేది కాదు. భార్గవ్ పెట్టెలో అప్పటికే ఒకటి రెండు నాటికలు పడి ఉన్నాయి. పంపినవాళ్ళు అందిందో లేదోనని రేపల్లెకి ఫోను చేస్తే గుట్టు బయటపడుతుందని, ఏ ఉత్తరం వచ్చినా దానంతటదే ఒక జవాబు వెళ్ళేట్టు ఏర్పాటు చేశాడు. 'మీ రాతప్రతి అందింది. ధన్యవాదాలు. తెరవెలుగు.' ఆ జవాబు నా సంతకంతో ఆమె ఫోనులోకి వెళ్ళింది. ఆమె దాన్ని ఎన్నిసార్లు తెరిచి చూసుకుందో నాకు తెలుసు, తెరిచినప్పుడల్లా నేనే కనిపించేవాణ్ణి. ఒకసారి చూసి చిన్నగా నవ్వుకుంది. ఇంకోసారి కూర తరుగుతూ తరుగుతూ చెయ్యి తుడుచుకుని చూసుకుంది. నన్ను నమ్మిన మనిషి ముందు నేను అలా కూర్చుని ఉన్నాను.

భార్గవ్ ఆ నాటిక చదివాడు. చదివి, కుర్చీలోంచి లేచి అటూ ఇటూ తిరిగాడు. మంచి కథ చేతిలో పడితే అతనికీ తెలుస్తుంది, పాపం అంతమాత్రం చదువరి. ఎవరు రాశారో కాగితం మీద లేదు. ఎవరిదని అడిగే ఓపిక లేదు. తన పేరుకి వచ్చింది తనదే అనుకున్నాడు. షార్ట్‌ఫిలిం తీసేశాడు. దానికి ఇంగ్లీషులో ఒక పేరు పెట్టి నెట్‌లో వదిలాడు. రచన, దర్శకత్వం అతనివే.

రేపల్లెలో ఎంపికలు ప్రకటించారు. జాబితాలో 'గోడవతల పొయ్యి' లేదు. హైమావతి ఎవరికీ ఫోను చెయ్యలేదు. అందిందన్నారు, చదివారు, నచ్చలేదు. అంతే అనుకుంది. ఆ కరపత్రాన్ని మాత్రం పారెయ్యలేదు. మడిచి మేకప్ పెట్టెలో పెట్టుకుంది. దానితో పాటు నేనూ ఆ పెట్టెలోనే, పౌడరు డబ్బాల మధ్య ఉండిపోయాను.

మాఘమాసంలో పోటీలు మొదలయ్యాయి. హైమావతి గుంటూరు సమాజం తరఫున అత్త వేషం వెయ్యడానికి రేపల్లె వచ్చింది. స్టేజీ వెనక రేకుల గదిలో మేకప్ వేసుకుంటూ ఉంది. పక్కన ఒక నటుడు బల్ల మీద వెల్లకిలా పడుకుని ఫోనులో ఏదో చూస్తున్నాడు. ఫోనులోంచి ఒక ఆడగొంతు వచ్చింది. "నువ్వు పోపు పెడితే ఇక్కడ నేను తుమ్ముతున్నా..."

హైమావతి చేతిలో దువ్వెన ఆగిపోయింది. మిగతా సగం మాట ఫోను పూర్తిచెయ్యకముందే ఆమె పెదవులు పలికేశాయి. లేచి వెళ్ళి ఆ ఫోను అడిగి తీసుకుంది. నిలబడే మొత్తం చూసింది. తన గోడ, తన పొయ్యి, తన ఇద్దరు ఆడవాళ్ళు. చివర్లో ఎవరో భార్గవ్ పేరు. ముఖానికి సగమే రంగు వేసుకుని ఉంది. ఆ మొహంతోనే తిన్నగా పానకాలరావు దగ్గరికి వెళ్ళింది.

"నేను పంపిన నాటిక ఎవరికిచ్చారు పానకాలరావుగారూ?"

ఆయన బిత్తరపోయాడు. "నువ్వు నాటిక పంపావా? మాకేం రాలేదే హైమావతమ్మా."

"అందిందని మీరే రాశారు గదండీ." ఆమె ఫోను తీసి చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. కింద నన్ను చూశాడు. పక్కనే ఉన్న మస్తాన్‌వలి ఏదో అనబోయాడు. పానకాలరావు అతని భుజం నొక్కి, "మాకు రాలేదమ్మా. నిజం," అని మాత్రం అన్నాడు. నిజమే. అడగాల్సినవాళ్ళు అడగక, చెప్పాల్సినవాళ్ళు చెప్పక మిగిలిన నిజం అంతే.

"అట్టాగా," అంది హైమావతి. గంట కొట్టారు. రంగు పూర్తిచేసుకుని స్టేజీ ఎక్కింది. ఆ సాయంత్రం ఆమె అత్తగా ఏడిస్తే జనం ఏడ్చారు. ఎవరి కోసం ఏడ్చిందో నాకు తెలుసు.

ఆఖరి రోజు బహుమతులు. ఉత్తమ నటి హైమావతి. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె మైకు దగ్గరికి వచ్చి ఫోను తీసింది. నన్ను పైకి చదివింది. నాకు ఎడమపక్కనుండే 'నాటికలు' అన్న మాటతో మొదలుపెట్టి, 'తెరవెలుగు డాట్ ఇన్' దాకా, విడివిడిగా, మాట మాటకీ ఆగి. లౌడ్‌స్పీకర్లలో నా పేరు రైలుస్టేషన్ దాకా వినిపించి ఉంటుంది. ఒకప్పుడు ఇదే నాకు గొప్పగా ఉండేది. ఆ క్షణాన నేల చీలితే బాగుండుననిపించింది.

"ఈ అడ్రసు నుంచి నాకు జవాబొచ్చింది. నా నాటిక అందిందన్నారు. బాగలేదంటే తీసుకుంటాను, నాకు రాయడం కొత్త. చదివారా లేదా అని అడుగుతున్నా. అది బయట ఇంకోరి పేరు మీద ఎట్టా వచ్చిందని అడుగుతున్నా. ఈ జ్ఞాపికొద్దు. దీనికి జవాబు చెప్పండి చాలు."

పానకాలరావు వేదిక మీద వెనక కుర్చీలో ఉన్నాడు. కిందికి దిగిపోదామని ఒకసారి మెట్ల వైపు చూశాడు కూడా. తర్వాత లేచి వచ్చి మైకు అందుకున్నాడు.

"ఆ పేరు మాది కాదమ్మా. ఏనాడూ మాది కాదు. కరపత్రం మీద వేశాం గానీ రాయించుకోలేదు. ఆషాఢం అని ఆగాను. నేనే ఆగమన్నాను, మస్తాన్ తప్పేం లేదు. శ్రావణం వచ్చేటప్పటికి ఎవరో తీసేసుకున్నారు. తెలిసి కూడా మీకెవరికీ చెప్పలేదు. నవ్వుతారని చెప్పలేదు."

ఆయన అనుకున్నట్టే జనం నవ్వారు. ఆషాఢం మాట దగ్గర వెనక వరసల్లోంచి పెద్ద నవ్వు లేచింది. హైమావతి నవ్వలేదు. ఆమె అలా నిలబడి ఉండటం చూసి నవ్వు ముందు వరసల నుంచి ఒక్కొక్కటే చల్లారిపోయింది.

పానకాలరావు కళ్ళు తుడుచుకున్నాడు. "వచ్చే ఏడు మీ నాటిక ఇక్కడే ఆడిద్దాం. అందరి ముందూ మాటిస్తున్నా."

న్యాయనిర్ణేతల్లో ఒకాయన కుర్చీలోంచే గొంతు సవరించుకున్నాడు. "పానకాలరావుగారూ, నిబంధన ఒకటుంది గదండీ. బయట ప్రదర్శించినవీ ప్రసారమైనవీ ఇక్కడ కుదరవు. కొత్తవే ఉండాలి." ఆయన చెడ్డవాడేం కాదు. ఆ నిబంధన పరిషత్తు పెట్టుకున్నదే. కరపత్రంలో సరిగ్గా నా నెత్తి మీదే అచ్చయి ఉంది. ఆమె రాసిన మొదటి నాటిక ఆమె ఆడకముందే పాతబడిపోయింది. ఇక ఎక్కడ ఆడినా, ఆ షార్ట్‌ఫిలిం చూసి రాసిందంటారు.

హైమావతి జ్ఞాపికని మైకు కింద బల్ల మీద పెట్టి దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు మస్తాన్‌వలి ఎలాగో కనుక్కుని భార్గవ్‌కి ఫోను చేశాడు. "పేరు నాదన్నా. నా పేరుకొచ్చిన మెయిలు నాదే గదా?" అన్నాడతను. మాట వింటే అమాయకుడేమో అనిపిస్తుంది. నాటకాలవాళ్ళందరూ తిట్టిపోశాక, ఆ సినిమా కింద, నొక్కితే గానీ తెరుచుకోని వివరాల్లో, అన్నిటికంటే అడుగున 'మూలకథ: హైమావతి' అని చేర్చాడు. అక్కడిదాకా వెళ్ళి చదివిన మనిషిని నేను చూడలేదు. ఆ సినిమాని నెట్‌లోంచి పూర్తిగా తీసెయ్యమంటే, ఇంతమంది చూశాక ఎలా తీస్తానన్నాడు.

ఆ తర్వాత నా మీద అతనికి మోజు పోయింది. ఏడాది తిరిగింది, రుసుము కట్టలేదు. గడువు తీరిన పేర్లు ఉండే చోటు ఒకటుంది. పాత ఇనుము కొట్టు లాంటిదే. దివాలా తీసిన కంపెనీల పేర్లు, విడిపోయిన దంపతుల పెళ్ళి పేర్లు, ఎన్నికలయ్యాక ఎవరికీ అక్కర్లేని నినాదాలు, అన్నీ అక్కడ పడి ఉంటాయి. కొన్నాళ్ళు నేనూ ఉన్నాను. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అదే నాకు సుఖంగా ఉండేది. అలాగే మాసిపోతే బాగుండుననుకున్నాను.

మస్తాన్‌వలి మాత్రం రోజూ చూస్తూనే ఉన్నాడట. నేను విడుదలైన రోజున పానకాలరావుకి ఫోను చేశాడు. "ఖాళీ అయిందండీ. కానీ ఇవాళ అమావాస్య."

"అమావాస్య లేదు, నా తలకాయ లేదు. ముందు కొట్టవయ్యా!"

అలా ఒక ఆషాఢ అమావాస్య నాడు, రాహుకాలంలో, నేను పద్ధతిగా నమోదయ్యాను. ఎవరి సొంత పేరూ కాకుండా పరిషత్తు పేరు మీదే రాయించారు. గడువు హెచ్చరికలు నాలోకే వస్తే నేను మూతబడిన రోజున అవీ మూతబడతాయని, వాటికి వేరే చిరునామా ఇచ్చారు. రుసుము ముందుగానే చాలా ఏళ్ళకి కట్టేశారు. ఎరువుల దుకాణం పైన పరిషత్తు గదిలో గోడకి రంగు వేయించి, నన్ను నీలం అక్షరాల్లో పెద్దగా రాయించారు. ఒక పేరుకి జరగాల్సిన మర్యాదలన్నీ జరిగాయి. కొత్త కరపత్రాల మీదా నన్నే వేశారు. నాకు వచ్చే ఉత్తరాల్లో అప్పులిస్తామనేవి, జుట్టు మొలిపిస్తామనేవి తప్ప ఇంకేం లేవు. నాటికలన్నీ మళ్ళీ చేతుల మీదుగానే వస్తున్నాయి. జనాన్ని తప్పుపట్టలేను.

వినాయకచవితి దాటాక హైమావతి పానకాలరావుకి ఫోను చేసింది. ఇంకో నాటిక రాశానంది. పంపమని అడగబోయి ఆయనే నాలిక కరుచుకున్నాడు. "నేనే వచ్చి చదువుతా," అంది.

తెనాలి రైల్లో వచ్చింది. గదిలో చాప మీద కూర్చుంది. ఎదురుగా పానకాలరావు, పక్కన మస్తాన్‌వలి. చదవడం మొదలుపెట్టింది. ఆడ పాత్రలూ మగ పాత్రలూ అన్నీ ఆమే. అది దేని గురించో నేను చెప్పను. ఆమె మాటలు ఇంకోసారి నా ద్వారా బయటికి పోకూడదు. చదువుతుండగా మధ్యలో పానకాలరావు, దుకాణంలోంచి పైకొచ్చిన కుర్రాళ్ళని కిందికి పంపేసి, తన ఫోను ఆపేసుకున్నాడు. ఆఖరికి వచ్చేసరికి ఆయన కండువాతో ముక్కు తుడుచుకుంటున్నాడు. మస్తాన్‌వలి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఇంక ఎంపికేంటమ్మా, మొదటిరోజు మొదటి నాటిక ఇదే," అన్నాడు పానకాలరావు. "న్యాయనిర్ణేతలు కూడా చదవాలి గదా. కాపీ ఒకటిచ్చి వెళ్ళు."

"వాళ్ళు ఎప్పుడొస్తారో చెప్పండి. మళ్ళీ వచ్చి చదువుతా."

"ఎందుకమ్మా అంత ప్రయాస. ఒక్క కాపీయే గదా?"

ఆమె కాగితాలు మడుచుకుంటోంది. "రైలు టిక్కెట్టు ఎంత లెండి," అంది.

మస్తాన్‌వలి తటపటాయిస్తూ గోడ వైపు చెయ్యి చూపించాడు. "ఇప్పుడది మనదేనండీ హైమావతిగారూ. అన్నీ సరిగ్గా చేయించాం. ఎవరూ తీసుకోలేరు. దానికి పంపినా..."

హైమావతి తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు. ఇంటికొచ్చిన చుట్టాల్లో ఒకప్పుడు ఏదో ఎత్తుకుపోయిన మనిషి ఉంటే మర్యాద కోసం చూసి ఊరుకుంటారే, అలా చూసింది. తర్వాత కాగితాలు సంచీలో అడుగున పెట్టుకుని, సంచీ చంకలో బిగించుకుని, చెప్పులు వేసుకుంది. ఆమె చూసినంతసేపూ నేనూ ఆమె వైపే చూస్తూ ఉండాల్సివచ్చింది. గోడ మీద రాసిన పేరుకి తల దించుకునే వీలు లేదు.